టెక్ సందేహాలు: కిరాణా బిల్లుల షీటును డేటాబేస్‌గా మార్చేదెలా?

ప్రశ్న: నేను బీబీఏ రెండో ఏడాది చదువుతున్నాను. మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ పేపర్ కోసం మా గ్రూపు ఓ కిరాణా కొట్టు లెక్కల మీద ప్రాజెక్టు చేస్తోంది. మూడు నెలల బిల్లులన్నీ ఎక్సెల్‌లో ఒకే షీటుగా ఎక్కించాం. మేడమ్ చూసి, 'ముందు నార్మలైజ్ చెయ్యండి, తర్వాత డేటాబేస్‌లో పెట్టండి' అన్నారు. నిర్వచనాలు బట్టీ పట్టాను కానీ ఏం చెయ్యాలో తోచడం లేదు. నా ల్యాప్‌టాప్‌లో డేటాబేస్ ప్రోగ్రామ్ మైక్రోసాఫ్ట్ యాక్సెస్ కూడా లేదు. వైవా దగ్గర పడుతోంది, చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక విద్యార్థిని, తెనాలి

జవాబు: నార్మలైజ్ అంటే ఒకే వివరం పదే పదే రాయకుండా షీటును వేర్వేరు టేబుళ్లుగా విడగొట్టడం. నిర్వచనాలు కాసేపు పక్కన పెట్టి మీ షీటునే పైనుంచి కిందికి చదవండి. ఒకే మనిషి పేరు ఎన్ని రకాలుగా ఉందో చూడండి. మన పేర్లు ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు లక్ష్మిని ఒకరు ఎక్స్‌తో రాస్తారు, ఇంకొకరు కె, ఎస్, హెచ్ పెట్టి రాస్తారు. వెంకటేశ్వరరావును ఒకచోట కలిపేస్తారు, ఇంకోచోట విడదీస్తారు. ఇంటిపేరు ఓసారి ముందు, ఓసారి వెనక. కొట్టు యజమానికి ఆ పేర్లన్నీ ఒక్కరివే అని తెలుసు. ఎక్సెల్‌కు తెలియదు. బాకీ ఎంతో చూద్దామని పివట్ టేబుల్ (ఎక్సెల్ వేసిపెట్టే మొత్తాల పట్టిక) వేస్తే ఒకే మనిషి మూడు వరసల్లో కనిపిస్తాడు. మా బంధువుల ఎరువుల దుకాణం లెక్కలు సరిచేసినప్పుడు నాకు రెండు ఆదివారాలు ఈ పేర్లు కలపడానికే పోయాయి.

దీనికి మందు మీరు మొదటి ఏడాది అకౌంటెన్సీలోనే నేర్చుకున్నారు. చిట్టా (జర్నల్)లో పద్దు పక్కన ఎల్.ఎఫ్. అని ఓ చిన్న గడి ఉంటుంది కదా. అందులో ఆవర్జా (లెడ్జర్) పుట నంబరు వేస్తాం. ఖాతాదారు వివరాలన్నీ చిట్టాలో ప్రతిసారీ రాయం, ఫలానా పుటలో చూసుకోమని నంబరు ఇస్తాం. డేటాబేస్‌లో ఆ పుట నంబరు లాంటిదే ప్రైమరీ కీ. దాన్ని తెచ్చి ఇంకో టేబుల్‌లో వేస్తే ఫారిన్ కీ. ఐబీఎమ్‌లో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో రిలేషనల్ (టేబుళ్లను కలిపే) పద్ధతి ప్రతిపాదించినప్పటి నుంచి ఆ తరహా డేటాబేస్‌లు నడుస్తున్నది ఈ లంకె మీదే.

ఇక మీ షీటు సంగతి. ముందు ఒక్కో ఖాతాదారుకు ఒక నంబరు, ఒక్కో సరుకుకు ఒక కోడ్ ఇచ్చుకోండి. ఒకే గడిలో 'కందిపప్పు 2 కిలోలు, నూనె 1 లీటరు' అని ఉంటే ఒక్కో సరుకునూ ఒక్కో వరసలోకి విడగొట్టండి. అది మొదటి నార్మల్ ఫామ్. ఇప్పుడు ఒక వరసను గుర్తుపట్టాలంటే బిల్లు నంబరు, సరుకు కోడ్ రెండూ కావాలి. కానీ సరుకు పేరు తెలియడానికి కోడ్ ఒక్కటి చాలు, బిల్లుతో పనిలేదు. అలాగే తేదీ, ఖాతాదారు నంబరు తెలియడానికి బిల్లు నంబరు చాలు. అందుకే సరుకులను ఒక టేబుల్‌లోకి, బిల్లులను ఇంకో టేబుల్‌లోకి తీసేస్తాం. అది రెండోది. బిల్లుల టేబుల్‌లో ఇంకా ఖాతాదారు ఫోన్ నంబరు ఉండిపోతుంది చూడండి, అది నిజానికి బిల్లుకు సంబంధించింది కాదు, మనిషికి సంబంధించింది. దాన్నీ వేరు చేస్తే మూడోది. చివరికి మీకు మిగిలేవి నాలుగు టేబుళ్లు: ఖాతాదారులు, సరుకులు, బిల్లులు, బిల్లులోని వరసలు.

ఇక్కడ ఒక్క విషయంలో జాగ్రత్త. ధర సరుకుల టేబుల్‌లో ఉంది కదా అని బిల్లు వరసల నుంచి తీసేయకండి. వచ్చే నెల కందిపప్పు ధర మారితే సరుకుల టేబుల్‌లో మారుస్తారు. దాంతో పాత బిల్లులన్నీ కొత్త ధరకు మారిపోతాయి, ఖాతాదారు ఎప్పుడో కట్టేసిన బిల్లుకు బాకీ తేలుతుంది. ఈ రోజు ధర వేరు, ఆ రోజు అమ్మిన ధర వేరు. రెండూ ఉండాల్సిందే. ఎందుకు రెండు చోట్ల పెట్టారని వైవాలో అడిగితే సంతోషంగా చెప్పండి, ఆ ఒక్క జవాబుతో మీకు విషయం అర్థమైందని వాళ్లకు తెలుస్తుంది.

యాక్సెస్ లేకపోయినా బెంగ అక్కర్లేదు. చిన్న డేటాబేస్ ప్రోగ్రామ్ అయిన ఎస్‌క్యూలైట్ ఉచితం. 'డీబీ బ్రౌజర్ ఫర్ ఎస్‌క్యూలైట్' అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుంటే టేబుళ్లు కళ్లముందు కనిపిస్తాయి. ఎక్సెల్ షీట్లను సీఎస్‌వీ (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్)గా సేవ్ చేసి అందులోకి తెచ్చుకోవచ్చు. అలా తెచ్చుకున్న టేబుల్‌కు కీలు వాటంతటవే రావు, మీరే పెట్టాలి. ఎడిట్ ప్రాగ్మాస్ ట్యాబ్‌లో ఫారిన్ కీస్ దగ్గర టిక్ ఉందో లేదో కూడా చూసుకోండి. తర్వాత బాకీ ఉన్న ఖాతాదారును డిలీట్ చేయడానికి ప్రయత్నించండి. ప్రోగ్రామ్ ఒప్పుకోకపోతే మీ లంకెలు సరిగ్గా ఉన్నట్టే. వైవాలో ఇదే చేసి చూపించండి.

ప్రశ్న: ఎక్సెల్‌లో సరుకు కోడ్‌ను బట్టి రేటు తెచ్చే వీలుకప్ ఫార్ములా వేస్తే ఎర్రర్ రాదు, కానీ కొన్ని సరుకులకు వేరే సరుకు రేటు వస్తోంది. ఎందుకు?
- బీకామ్ కంప్యూటర్స్ విద్యార్థి, కరీంనగర్

జవాబు: ఫార్ములాలో నాలుగో భాగం ఖాళీగా వదిలేసి ఉంటారు. అప్పుడు ఎక్సెల్ అచ్చంగా అదే కోడ్ కోసం చూడదు, దగ్గర్లో ఉన్నదాన్ని తెచ్చిపెడుతుంది. అక్కడ ఫాల్స్ (FALSE) అని రాయండి. ఇదే పని చేసే కొత్త ఫంక్షన్ ఎక్స్‌లుకప్‌లో ఈ గొడవ లేదు కానీ ఎక్సెల్ 2016, 2019లలో ఆ ఫంక్షన్ లేదు. ఇంట్లో దాంతో చేసిన ఫైల్ కాలేజీ ల్యాబ్‌లో పనిచేయకపోవచ్చు.

ఫాల్స్ పెట్టాక కొన్నింటికి ఎన్ఏ (కోడ్ దొరకలేదని అర్థం) వస్తే కోడ్‌లు చూడండి. పాల హెచ్ఎస్ఎన్ కోడ్ (జీఎస్టీ కోసం సరుకులకు ఇచ్చే నంబరు) 0401. మామూలు గడిలో టైప్ చేస్తే ముందున్న సున్నా పోయి 401 అవుతుంది. కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చి, అప్పుడు టైప్ చేయాలి. ఫైల్‌ను పాత ఎక్స్ఎల్ఎస్ ఫార్మాట్‌లో సేవ్ చేయకండి, అందులో 65,536 వరసలే పడతాయి. ఇంగ్లండ్‌లో 2020లో దాదాపు 16,000 కోవిడ్ కేసులు సమయానికి లెక్కలోకి రాకుండా పోయింది ఈ పరిమితి వల్లే. వ్యాధి సోకినవాళ్లను కలిసినవారిని వెతకడం ఆలస్యమైంది. ఇప్పటి ఎక్స్ఎల్ఎస్ఎక్స్‌లో 10,48,576 వరసలు పడతాయి.

ప్రశ్న: మా అబ్బాయి బీబీఏలో చేరాడు. మ్యాక్‌బుక్ కావాలంటున్నాడు. కొనవచ్చా? లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ కూడా కొనాలా?
- ఒక తండ్రి, రాజమండ్రి

జవాబు: ఈ కోర్సుకు విండోస్ ల్యాప్‌టాపే సుఖం. యాక్సెస్, డేటాను చార్టులుగా చూపే పవర్ బీఐ డెస్క్‌టాప్ మ్యాక్‌లో నేరుగా నడవవు. ట్యాలీ కూడా విండోస్ ప్రోగ్రామే. 8 జీబీ ర్యామ్‌తో పని జరుగుతుంది, వీలైతే 16 తీసుకోండి. ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే స్టోరేజి) మాత్రం తప్పనిసరి.

ట్యాలీ లైసెన్స్ ఇప్పుడే కొనకండి. ఎడ్యుకేషనల్ మోడ్ ఉచితం, నేర్చుకోవడానికి సరిపోతుంది. అందులో నెలలో 1, 2, 31 తేదీల్లోనే ఎంట్రీలు వేయనిస్తుంది. అబ్బాయి 15వ తేదీ వేస్తే తీసుకోవడం లేదని కంగారు పడితే, అది పాడైపోలేదని చెప్పండి.