ఫిన్లాండ్‌లో 30 డిగ్రీలకే అల్లాడిపోతారట, నిజమేనా? జూన్‌లో చిన్నపిల్లలతో హెల్సింకి వస్తున్నాం, ఏసీ కొనాలా?

నిజమేనండీ. మాది బెజవాడ, మే నెలలో 45 డిగ్రీలు చూసి పెరిగినదాన్ని. ఇక్కడ 25 దాటితే చాలు, ఆ రోజుని 'హెల్లె' అని ప్రత్యేకంగా లెక్కపెడతారు. మొదట్లో అది విని ఇదీ ఒక ఎండేనా అనుకున్నాను, 2025 జులైలో ఆ అభిప్రాయం మారిపోయింది. ఆ వేసవిలో దేశంలో ఎక్కడో ఒకచోట వరసగా 22 రోజులు 30 దాటింది, అంత పొడవుగా ఇంతకుముందెప్పుడూ లేదు. మా పాపకి అప్పుడు ఏడాదిన్నర, బాబుకి ఆరేళ్లు, అత్తయ్యగారు, మామయ్యగారు కూడా మా దగ్గరే ఉన్నారు.

బయట చెట్టు నీడలో బాగానే ఉంటుంది, ఇబ్బందంతా ఇంట్లోనే. ఈ ఇళ్లు చలికాలంలో లోపలి వేడి బయటికి పోకుండా కట్టినవి, మందపాటి గోడలు, కిటికీలకి మూడు పొరల అద్దాలు. సీలింగ్ ఫ్యాన్లు ఉండవు. మన ఊళ్లో సూర్యుడు నడినెత్తిన ఉండి డాబాని కాలుస్తాడు కదా, ఇక్కడ సూర్యుడు అంత పైకి రాడు, ఏటవాలుగా నేరుగా కిటికీలోంచి గదిలోకి వస్తాడు, అదీ గంటల తరబడి. జూన్ ఆఖర్లో హెల్సింకిలో పొద్దు గుంకేది రాత్రి పదీ యాభైకి, మళ్లీ నాలుగు కాకముందే తెల్లారుతుంది. మా ఫ్లాట్ నాలుగో అంతస్తు, కిటికీలన్నీ పడమటికే, ఎదురు కిటికీ లేదు కాబట్టి గాలి ఆడదు. రాత్రి పదకొండుకి బయట 21 ఉన్నా పిల్లలు పడుకునే గదిలో 30 చూపించేది, పాప చెమటతో లేచి ఏడుస్తుంటే ఒళ్లు తడిగుడ్డతో తుడుస్తూ కూర్చున్న రాత్రులు ఇప్పటికీ గుర్తున్నాయి.

దారి చూపించింది అత్తయ్యగారే. ఇక్కడి కిటికీలకి అద్దాల మధ్యలో బ్లైండ్లు ఉంటాయి, అవి వేస్తే సరిపోతుందని నేననుకున్నాను. ఎండ గది అద్దం దాటకముందే, బాల్కనీలోనే ఆపాలి కదమ్మా అన్నారావిడ. మామయ్యగారి తెల్ల పంచెలు రెండు బాల్కనీ అద్దాలకి లోపలి నుంచి కట్టి, బాల్కనీ అద్దాలు సగం తెరిచి పెట్టి, గది తలుపు మూసేశాం. మొదటి రోజే సాయంత్రానికి తేడా తెలిసింది, మూడు డిగ్రీలు తక్కువ. బాల్కనీకి అద్దాలుంటే మాత్రం వాటిని అస్సలు మూసి ఉంచకండి, మధ్యాహ్నానికి అక్కడ నిలబడలేం, ఆ వేడి ఇంట్లోకే వస్తుంది. కిటికీలు పొద్దున్న ఏడింటికల్లా మూసేసి, రాత్రి పది దాటాక తెరవండి, దోమతెర తప్పనిసరి. నల్లటి కర్టెన్లు కూడా కొనుక్కోండి, వేడి కోసం కాదు నిద్ర కోసం, పదిన్నరకి కూడా వెలుతురుంటే పిల్లలు పగలే అనుకుంటారు.

ఇక ఏసీ. అద్దె ఫ్లాట్ అయితే బయటి గోడకి యూనిట్ పెట్టాలంటే యజమానినీ, బిల్డింగ్ హౌసింగ్ కంపెనీనీ (ఫ్లాట్ల యజమానులంతా కలిసి నడిపే సంస్థ) అడగాలి. మేం అడిగాం, ఒప్పుకోలేదు. గొట్టం కిటికీలోంచి బయటికి పెట్టే పోర్టబుల్ ఏసీ ఉంటుంది కానీ దాని మోత పక్కగదిలోకీ వినపడుతుంది, కిటికీ సందుని సరిగ్గా మూయకపోతే వేడిగాలి మళ్లీ లోపలికే వస్తుంది. నన్నడిగితే వచ్చిన వారంలోనే రెండు టేబుల్ ఫ్యాన్లు కొనండి, ఏసీ సంగతి తర్వాత. ఎండలు మొదలయ్యాక ఫ్యాన్లు కూడా దొరకవు. 2018 ఆగస్టులో అయితే హెల్సింకిలో ఒక సూపర్‌మార్కెట్, ఏసీ ఉంది కాబట్టి, వంద మందిని రాత్రి షాపులోనే పడుకోమని పిలిచింది.

తిండి విషయంలో టెన్షన్ పడక్కర్లేదు. ఇక్కడ 'పీమా' అని పాల ప్యాకెట్ల పక్కనే అమ్ముతారు, అచ్చం చిక్కటి పుల్లమజ్జిగే, నీళ్లు పోసి ఉప్పు, అల్లం, కరివేపాకు వేస్తే మామయ్యగారు చెంబుడు తాగేవారు. కుళాయి నీళ్లు చల్లగా, శుభ్రంగా ఉంటాయి, బాటిళ్లు కొనొద్దు. పొయ్యి పొద్దున్న ఎనిమిదికల్లా ఆపేసేదాన్ని, పగలంతా పెరుగన్నం, పళ్లు. సంతలో పచ్చిబఠాణీ కాయలు లీటరు లెక్కన కొలిచి అమ్ముతారు, వలిచి పచ్చివే తినేస్తారు, మా బాబుకి అదే చిరుతిండి.

చెరువు దగ్గరికి తప్పకుండా వెళ్లండి, కానీ ఎండలు ఎక్కువైతే నీళ్లలో నీలి ఆకుపచ్చ నాచు, 'సినిలెవా' అంటారు, వస్తుంది. అనుమానంగా ఉంటే గాజు గ్లాసులో ఆ నీళ్లు పట్టి గంట కదపకుండా ఉంచండి, ఆకుపచ్చ రవ్వలు పైకి తేలితే పిల్లల్ని దింపొద్దు, చిన్నపిల్లలు నీళ్లు మింగేస్తారు కాబట్టి వాళ్లకే ఎక్కువ ప్రమాదం. పైన గోరువెచ్చగా ఉన్నా కాస్త లోతుకి వెళితే గడ్డకట్టేంత చల్లగా తగులుతుంది, కాబట్టి చేతికందేంత దూరంలోనే ఉండండి.

ఇంకొకటి, నాకు ఎవరూ చెప్పలేదని ఇప్పటికీ బాధగా ఉంటుంది. హెల్సింకిలో బడి వేసవి సెలవుల్లో, పనిదినాల్లో, చాలా ఆటస్థలాల పార్కుల్లో మధ్యాహ్నం పూట 16 ఏళ్లలోపు పిల్లలందరికీ ఉచితంగా వేడి భోజనం పెడతారు. 1942లో, యుద్ధకాలంలో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. గిన్నె, స్పూను మనమే తీసుకెళ్లాలి. కొన్ని పార్కుల్లో పిల్లల నీళ్ల తొట్టి కూడా ఉంటుంది, మోకాలి లోతు కూడా ఉండదు. ఇల్లు కాగిపోయే వేళ మేం అక్కడే చెట్ల కింద గడిపేవాళ్లం. అత్తయ్యగారికి భాష రాకపోయినా పక్కన కూర్చున్న ఫిన్నిష్ బామ్మగారితో మనవళ్ల గురించి చేతులతోనే మాట్లాడేవారు.

మీరు తీసుకునే ఫ్లాట్ ఏ దిక్కుకి ఉందో, ఎన్నో అంతస్తో, ఎదురెదురు కిటికీలు ఉన్నాయో లేదో చెప్పండి, ఏసీ కావాలో వద్దో ఇంకా కచ్చితంగా చెప్పగలను.