బీఎస్-6 టిప్పర్‌లో యాడ్‌బ్లూ తీయించేస్తే మైలేజీ పెరుగుతుందా?

పెరగదండి. పది టైర్ల టిప్పర్ మైలేజీ పడిపోయిందనీ, యాడ్‌బ్లూ (పొగలోని విషవాయువులైన నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే యూరియా ద్రవం) ఎక్కువ తాగుతోందనీ, మెకానిక్ ఎమ్యులేటర్ పెట్టిద్దామంటున్నాడనీ రాశారు. ఆ పని చేయించకండి.

ఎమ్యులేటర్ ఇంజిన్ కంప్యూటర్‌కి దొంగ సిగ్నల్ పంపి యాడ్‌బ్లూ కొట్టడం ఆపేయిస్తుంది, అంతే. డీజిల్ ఎప్పుడు, ఎంత పడాలన్నది మారదు. కాబట్టి మిగిలేది యాడ్‌బ్లూ డబ్బు ఒక్కటే. 100 లీటర్ల డీజిల్‌కి మామూలుగా 3 నుంచి 6 లీటర్లు పడుతుంది. లీటరు 60 రూపాయల చొప్పున 5 లీటర్లు అనుకుంటే 300. డీజిల్ లీటరు 95 అనుకుంటే 100 లీటర్లకి 9,500. అంటే మీరు మిగుల్చుకోబోయేది 3 శాతం. టైర్లలో గాలి తగ్గితే అందులో కొంత డీజిల్ రూపంలో పోతుంది. పైగా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182ఎ(4) కింద బండిలో ఇలాంటి మార్పు చేయించిన ఓనర్‌కి 6 నెలల దాకా జైలు గానీ, మార్పు ఒక్కింటికి 5,000 జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు.

ముందు కొలవండి. డీజిల్, యాడ్‌బ్లూ ట్యాంకులు రెండూ ఫుల్ చేసి, కనీసం 1,000 కిలోమీటర్లు తిప్పి, మళ్లీ అంతే దాకా నింపి లెక్క చూడండి. యాడ్‌బ్లూ వాడకం డీజిల్‌లో 6 శాతం బాగా దాటితే లీకో, సెన్సర్ లోపమో చూడాలి. 2 శాతం కూడా లేకపోతే సంతోషించకండి, యాడ్‌బ్లూ కొట్టే నాజిల్ మూసుకుపోతుండొచ్చు.

టిప్పర్లలో నాజిల్ మూసుకుపోవడం ఎక్కువ. క్రషర్ దగ్గర క్యూలో ఇంజిన్ ఆన్‌లోనే ఉంటుంది, ట్రిప్పులు చిన్నవి. సైలెన్సర్ వేడి సుమారు 200 డిగ్రీలు దాటితేనే యూరియా సరిగ్గా అమ్మోనియాగా మారి పని చేస్తుంది. వేడి చాలకపోతే తెల్లటి ఉప్పులా గడ్డకడుతుంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో గీకొద్దు, గోరువెచ్చని నీళ్లతో కరిగించండి. ఇంకో కారణం చాలామందికి తెలియదు: బండి ఆపగానే బ్యాటరీ కటాఫ్ తీసేయడం. ఇంజిన్ ఆపాక యాడ్‌బ్లూ పంపు, పైపుల్లో మిగిలిన ద్రవాన్ని వెనక్కి లాగుతుంది. ముందే కరెంటు తీసేస్తే అది అక్కడే గడ్డకడుతుంది. రెండు నిమిషాలు ఆగి కటాఫ్ తీయమని డ్రైవర్‌కి చెప్పండి.

పొలం యూరియాని నీళ్లలో కలిపి పోసేవాళ్లున్నారు. అందులో వేపనూనె పూత ఉంటుంది, బైయూరెట్ అనే మలినం ఉంటుంది. పంపు, క్యాటలిస్టు (సైలెన్సర్‌లో పొగను శుద్ధి చేసే భాగం) రెండూ పాడవుతాయి. అసలు యాడ్‌బ్లూలో యూరియా 32.5 శాతం, రిఫ్రాక్టోమీటర్‌లో 31.8 నుంచి 33.2 మధ్య చూపించాలి. ఆ పరికరం గాఢతనే చెబుతుంది, కల్తీని చెప్పదు, అందుకే సీలున్న బకెట్టే కొనండి. మన ఎండల్లో షెడ్డు బయట నిల్వ ఉంచకండి. జీఐ డబ్బాల్లో, రాగి గరాటుతో అసలు పోయొద్దు.

ఇక మైలేజీ నిజంగా పోయేది డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) దగ్గర. మసి నిండితే, దాన్ని కాల్చడానికి ఇంజిన్ అదనంగా డీజిల్ కొడుతుంది. దీన్నే రీజెన్ అంటారు. దాని మధ్యలో బండి ఆపేస్తే మసి అలాగే ఉండి, కొంత డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరుగుతుంటే అది కారణం కావచ్చు, బేరింగులు పోకముందే ఆయిల్ మార్చండి. పాత సీఐ-4 గ్రేడ్ ఇంజిన్ ఆయిల్ వాడొద్దు. బీఎస్-6కి చెప్పిన తక్కువ బూడిద ఆయిలే (సాధారణంగా సీకే-4) పోయించండి. మసి కాలుతుంది గానీ, బూడిద కాలదు, ఫిల్టర్‌లోనే ఉండిపోతుంది.

"రూల్స్ అన్నీ మాలాంటి వాళ్ల మీదేనా" అన్న మీ కోపానికి కారణముంది. బీఎస్-5ని వదిలేసి 2020 ఏప్రిల్ 1 నుంచి నేరుగా బీఎస్-6 పెట్టడం సరైన నిర్ణయమే. పెద్ద బండ్లకి నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోవాట్-అవర్‌కి 3.5 గ్రాముల నుంచి 0.4కి దిగింది, డీజిల్‌లో సల్ఫర్ 50 పీపీఎం నుంచి 10కి వచ్చింది. కంపెనీలకీ రిఫైనరీలకీ తయారవడానికి నాలుగేళ్లు దొరికాయి. ఒకటీ రెండూ లారీలున్న ఓనర్‌కీ, ఊరి మెకానిక్‌కీ నేర్పినవాళ్లు లేరు. పైగా డీజిల్ బండ్ల పొల్యూషన్ టెస్టులో చూసేది పొగ సాంద్రతనే, నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవరు. ఎమ్యులేటర్ పెట్టినవాడికీ, నిజాయితీగా యాడ్‌బ్లూ పోసినవాడికీ ఒకే సర్టిఫికెట్ వస్తోంది. ఫిట్‌నెస్‌కి వెళ్లినప్పుడు ఓబీడీ పోర్టుకి (ఇంజిన్ కంప్యూటర్‌లోని లోపాలు చదివే సాకెట్) స్కానర్ తగిలిస్తే కొంత మోసమైనా బయటపడొచ్చు. లారీ సంఘాలు అడగాల్సింది ఇదీ, మెకానిక్‌లకి శిక్షణా. ఆ గాలి ముందు పీల్చేది మన డ్రైవర్లూ క్లీనర్లూ క్రషర్ కూలీలే కదా.

కొలిచాక రెండు లెక్కలూ, రీజెన్ ఎన్ని గంటలకోసారి అవుతోందో, బండి రోజూ ఎంతసేపు నిలబడి ఇంజిన్ తిరుగుతోందో రాయండి. లోపం ఎటువైపుందో చెప్పడం తేలికవుతుంది.