షూ మొన గురించి రాసేటప్పుడు

చిట్టితల్లీ,

ఆన్‌లైన్‌లో అమ్మే షూలకి వివరాలు రాసే ఉద్యోగంలో చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. నేను ఇన్నేళ్లు చేసిన పనిలోకే నువ్వూ వస్తున్నావంటే గర్వంగా ఉంది. కాస్త టెన్షన్‌గా కూడా ఉంది, అందుకే రాస్తున్నాను.

రంగు, తోలు, మడమ ఎత్తు నీకు ఒకరు చెప్పక్కర్లేదు. నా బెంగంతా మొన గురించే. షూని పైనుంచి చూడు. వేళ్ల దగ్గర వెడల్పుగా ఉండి గుండ్రంగా తిరిగితే రౌండ్ టో. క్రమంగా సన్నబడి, చివర మాత్రం గుండ్రంగా ఉంటే ఆల్మండ్. కొస తేలితే పాయింటెడ్. అడ్డంగా కోసినట్టుంటే స్క్వేర్. ఆ స్క్వేరే పక్కనుంచి చూసినప్పుడు పైభాగం కొసకి ఏటవాలుగా దిగితే చిజిల్.

క్యాప్ టో, వింగ్‌టిప్ అనేవి ఆకారాలు కావు, పైన తోలు కుట్టిన తీరు. మొనకి అడ్డంగా ఇంకో ముక్క వేస్తే క్యాప్ టో. ఆ ముక్క అంచు డబ్ల్యూ అక్షరంలా పక్కలకి సాగితే వింగ్‌టిప్. అందుకే 'ఆల్మండ్ షేప్, క్యాప్ టో' అని రెండూ రాయాలి. క్యాప్ టో అంటే లోపల ఇనుప రేకు ఉందనుకునేవాళ్లూ ఉంటారమ్మా. సేఫ్టీ షూలకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 20345 ప్రకారం వాటి మొన 200 జౌల్స్ దెబ్బకి తట్టుకోవాలి. మామూలు క్యాప్ టోకి ఆ బలం ఉండదు. ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి పొరబడితే వేళ్లే పోతాయి.

నేను పనిచేసిన ఒకచోట ఒకాయన పక్కనుంచి తీసిన ఫోటో చూసి, ఆల్మండ్ షూకి రౌండ్ టో అని రాసేశాడు. షుగర్ ఉన్న ఒక పెద్దాయన వేళ్లకి చోటుంటుందని నమ్మి కొనుక్కున్నారు. ఆయన పాదాలకి స్పర్శ తగ్గిపోయింది, ఒరుసుకుంటున్నా తెలియలేదు. ఇంట్లోవాళ్లు చూసేసరికి చిటికెనవేలి పక్కన చర్మం లేచిపోయి, సాక్సు పుండుకి అంటుకుపోయి ఉంది. షూ వెనక్కి తీసుకుని డబ్బులిచ్చారు. పుండు మానడానికి నెలలు పట్టింది. 'ఒక్క మాటేగా' అన్నాడు రాసినాయన. ఆ మాట నీ నోట ఎప్పుడూ రాకూడదు, వస్తే నేను ఊరుకోను.

షూ చేతికొస్తే లోపల వేళ్లు పెట్టి చూడు. బయటికి పొడుగ్గా కనిపించే మొనలో చివర ఖాళీయే ఉండొచ్చు, చిటికెనవేలి దగ్గర మాత్రం ఇరుకు. ఆ ఇరుకు సంగతి తప్పకుండా రాయి. అమ్మకం తగ్గుతుందని ఎవరైనా అంటే నా పేరు చెప్పు.

రాత్రిళ్లు మేలుకుని రాయకు, కళ్లు జాగ్రత్త. మొదటి నాలుగు వివరణలు నాకు పంపు, పైనుంచి తీసిన ఫోటోలతో సహా.

మీ పెదనాన్న