నాలుగెకరాల రైతు కుటుంబం అమెరికా కాలేజీలో ఆర్థిక సహాయం అడగడం గురించి

పాలకొల్లు దగ్గర నాలుగెకరాల వరిచేను, ఒక చిన్న రొయ్యల చెరువు ఉన్న రైతునని, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మీ అబ్బాయి అమెరికాలోని పేరున్న విశ్వవిద్యాలయాలకు నవంబరులోనే దరఖాస్తు పెట్టాలనుకుంటున్నాడని రాశారు. సహాయం అడిగితే సీటు వచ్చే అవకాశం తగ్గుతుందా, ఎర్లీ డెసిషన్ (సీటు ఇస్తే అక్కడే చేరతామని మాట ఇచ్చే ముందస్తు దరఖాస్తు) మీద సంతకం పెట్టాక డబ్బు చాలకపోతే ఏం చేయాలి, డల్లాస్‌లో ఉన్న మీ బావమరిది గారిని ఖర్చుకు సాయపడే బంధువుగా చూపించవచ్చా అన్నవి మీ ప్రశ్నలు. కొన్నేళ్ల క్రితం మా అమ్మాయి అమలాపురం నుంచి ఇదే పద్ధతిలో దరఖాస్తు చేసి వెళ్లింది కాబట్టి, నాకు తెలిసినంత వరకు వివరంగా చెబుతాను.

మొదటి ప్రశ్నకు జవాబు కాలేజీని బట్టి మారుతుంది. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ చాలాకాలంగానూ, డార్ట్‌మత్, బౌడిన్ 2022 నుంచీ, బ్రౌన్ 2025లో చేరిన బ్యాచ్ నుంచీ విదేశీ విద్యార్థులకు సీటు ఇచ్చేటప్పుడు వారు సహాయం అడిగారా లేదా అన్నది చూడవు. సీటు ఇచ్చిన తర్వాత కుటుంబం భరించలేని మొత్తాన్ని తామే భరిస్తాయి. సీటు ఇచ్చేటప్పుడు సహాయం అడిగిన సంగతి చూడకపోవడాన్నే నీడ్ బ్లైండ్ అంటారు. స్టాన్‌ఫర్డ్, కొలంబియా, పెన్ వంటి చోట్ల కూడా సీటు వచ్చినవారి అవసరం పూర్తిగా తీరుస్తారు గాని, విదేశీ దరఖాస్తును పరిశీలించేటప్పుడు సహాయం అడిగిన సంగతి కూడా లెక్కలోకి వస్తుంది. కాబట్టి ఈ రెండో రకం కాలేజీల్లో సహాయం అడిగితే పోటీ కఠినమవుతుందన్న మాట నిజమే. అయినా, ముందు అడగకుండా సీటు తెచ్చుకుని చేరాక చూసుకుందామనే ఆలోచన మాత్రం దయచేసి పెట్టుకోకండి. దరఖాస్తు సమయంలో అడగని విదేశీ విద్యార్థికి ఆ తర్వాత నాలుగేళ్లూ ఏమీ ఇవ్వబోమని చాలా కాలేజీలు ముందే నియమంగా రాసి ఉంచుతాయి, పైగా ఈ స్థాయి కాలేజీల్లో ఏడాది ఖర్చు 80 వేల డాలర్లు దాటిపోయింది.

ఎర్లీ డెసిషన్ అనేది కట్టుబడి ఉండవలసిన ఒప్పందం. విద్యార్థి, తల్లి లేదా తండ్రి, స్కూలు కౌన్సెలర్ ముగ్గురూ సంతకం పెట్టాలి, ఒక్క కాలేజీకే పెట్టాలి, సీటు వస్తే మిగతా దరఖాస్తులన్నీ ఉపసంహరించుకోవాలి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్‌లలో ఉన్న ఎర్లీ యాక్షన్ అలాంటిది కాదు. అక్కడ ముందస్తుగా దరఖాస్తు చేసే ప్రైవేటు కాలేజీ అదొక్కటే అయి ఉండాలన్న షరతు ఉన్నా, డిసెంబరులో సీటు వచ్చినా మే 1 వరకు ఆలోచించుకునే గడువు ఉంటుంది. ఎర్లీ డెసిషన్‌లో కూడా, ఇచ్చిన సహాయంతో చదివించడం సాధ్యం కాకపోతే ఒప్పందం నుంచి తప్పుకోవచ్చు. దానికి జరిమానా గాని, కేసు గాని ఉండదు. అయితే మరొక కాలేజీ ఎంత ఇస్తుందో పోల్చి చూసుకునే వీలు ఉండదు. అందువల్ల డబ్బే ప్రధానమైన మన వంటి కుటుంబాలు ఎర్లీ డెసిషన్ వేయదలిస్తే ఆమ్‌హర్స్ట్, డార్ట్‌మత్, బౌడిన్, బ్రౌన్ వంటి నీడ్ బ్లైండ్ కాలేజీకే వేయాలన్నది నా నిశ్చితాభిప్రాయం. ముందస్తు దరఖాస్తుల్లో సీట్ల శాతం ఎక్కువగా కనిపిస్తుంది గాని, అందులో క్రీడాకారులు, పూర్వ విద్యార్థుల పిల్లలు కలిసి ఉంటారు కాబట్టి ఆ అంకెను చూసి తొందరపడవద్దు.

మీరు అడగకపోయినా అసలు జాగ్రత్తపడవలసినది పొలం విషయంలో. కాలేజ్ బోర్డు అనే అమెరికా సంస్థ వారి సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఆర్థిక సహాయ ఫారంలో తల్లిదండ్రుల ఆదాయంతోపాటు ఆస్తుల మార్కెట్ విలువ కూడా అడుగుతారు. 2025–26 నుంచి లక్ష డాలర్ల లోపు ఆదాయమున్న కుటుంబాల నుంచి ఏమీ తీసుకోబోమని హార్వర్డ్ ప్రకటించింది గాని, ఆ మాట సాధారణ స్థాయి ఆస్తులున్న కుటుంబాలకే వర్తిస్తుంది. మన డెల్టాలో ఎకరం ధర ఎంత పలుకుతుందో, ఆ ఎకరం మీద ఏడాదికి చేతికి వచ్చేది ఎంతో మీకు వేరే చెప్పనక్కరలేదు. కాగితం మీద కోటీశ్వరుడిలా కనిపించే మనిషి దాళ్వా (రెండో పంట) పెట్టుబడికి బంగారం తాకట్టు పెడతాడన్న సంగతి బోస్టన్‌లో కూర్చుని ఫైలు చూసే అధికారికి ఎలా తెలుస్తుంది? మనమే చెప్పాలి.

మా ఇంట్లో జరిగింది ఇదే. మా నాన్నగారి పేరున ఉన్న కొబ్బరితోటలో ముగ్గురు అన్నదమ్ములం వాటాదారులం, ఇప్పటికీ పంపకాలు కాలేదు. డిసెంబరు మధ్యలో సీటుతోపాటు వచ్చిన ఉత్తరంలో తోట మొత్తం మాదేనని లెక్కగట్టి, మేము ఏటా కట్టవలసిన మొత్తాన్ని నా జీతం కంటే ఎక్కువగా చూపించారు. అప్పుడు సహాయ విభాగానికి గడువు పొడిగించమని రాసి, 1బి నకలు, అడంగల్ (భూమి హక్కు, సాగు రికార్డులు), కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, వాటికి నోటరీ చేయించిన ఇంగ్లీషు అనువాదాలు జతచేశాం. కొబ్బరికాయలు వెయ్యికి ఎంత అనే లెక్కన అమ్ముతామని, అంబాజీపేట మార్కెట్టులో రేటు ఏ నెల ఎలా ఉందో, దింపు కూలి, ఎరువు పోను మా వాటాకు ఎంత మిగిలిందో మా అమ్మాయి ఒక్క పేజీలో రాసి పంపింది. వారు మళ్లీ లెక్కవేసి, మా వాటాను మాత్రమే పరిగణించి సహాయం పెంచారు. ఆ పేజీయే అన్ని కాగితాల కంటే ఎక్కువ పనిచేసిందని నేను నమ్ముతాను.

అదే వివరణను మీరు మొదటే ఫారంలోని ప్రత్యేక పరిస్థితుల భాగంలో రాయండి. పొలం విలువ దగ్గర రిజిస్ట్రేషన్ విలువ వేసి ఊరుకోకుండా నిజమైన బజారు ధరే వేయండి; దాని పక్కనే ఆ పొలమే మీ జీవనాధారమని, అమ్మితే మరుసటి ఏడాది నుంచి ఆదాయమే ఉండదని చెప్పండి. కౌలుకు ఇచ్చి ఉంటే ఎకరాకు ఎన్ని బస్తాలో, బస్తా 75 కిలోలని, ఆ ఏడాది ధాన్యం ధర ఎంతో రాసి రూపాయల్లోకి మార్చి చూపండి. వరి ఆదాయానికి మన దేశంలో ఆదాయపు పన్ను లేదు కాబట్టి రిటర్నులు ఎందుకు లేవో ఒక వాక్యంలో చెప్పి, తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం జతచేయండి. రొయ్యల సాగు వ్యవసాయ ఆదాయం కిందికి రాదు. దానికి రిటర్ను వేసి ఉంటే తప్పక పెట్టండి. వైరస్ వచ్చి పోయిన పంటలు, మేత దుకాణంలో ఉన్న బాకీ, 2025లో అమెరికా సుంకాల వల్ల పడిపోయిన రొయ్యల ధర, ఇవన్నీ ఆ వివరణలో ఉండవలసిన సంగతులే.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. మన పట్టణాల్లో కొందరు ఏజెంట్లు వీసా కోసమని అప్పు తెచ్చి బ్యాంకులో నిల్వ చూపిస్తారు, ఆస్తులను పెంచి నెట్‌వర్త్ సర్టిఫికెట్ రాయిస్తారు. సహాయం అడిగే కుటుంబానికి అది ఉరితాడవుతుంది. కాలేజీకి ఒక లెక్క, కాన్సులేట్‌కు ఒక లెక్క చూపితే రెండూ పోతాయి. అసలు మీకు ఆ అవసరమే ఉండదు, ఎందుకంటే కాలేజీ ఇచ్చే గ్రాంటు (తిరిగి కట్టనక్కరలేని సహాయం) వీసా కోసం కాలేజీయే ఇచ్చే ఐ-20 పత్రంలోనే నమోదవుతుంది. మొదటి ఏడాదికి మీ వాటా ఎంతో దానికి మాత్రమే ఆధారం చూపిస్తే చాలు.

ఖర్చుల సంగతి కూడా తెలుసుకోండి. సీఎస్ఎస్ ప్రొఫైల్‌కు మొదటి కాలేజీకి 25 డాలర్లు, తర్వాత ఒక్కొక్కదానికి 16 డాలర్లు. కట్టలేమని కాలేజీకి మెయిల్ రాస్తే కొన్ని మాఫీ కోడ్ ఇస్తాయి. ట్యూషన్ పోగా వసతి, భోజనాల కోసం ఇచ్చే గ్రాంటు మీద ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద చదివేవారి నుంచి అమెరికాలో సాధారణంగా 14 శాతం పన్ను పట్టుకుంటారు. ఆ భాగం 20 వేల డాలర్లయితే 2,800 డాలర్లు మీరు సర్దుకోవలసి వస్తుంది కాబట్టి, అంతా ఉచితమన్న ఉత్తరం వచ్చినా ఈ మొత్తం గురించి ముందే అడగండి.

ఇక మీ బావమరిది గారి విషయం. ఫారంలో అడిగేది తల్లిదండ్రుల ఆదాయమే తప్ప మేనమామ ఆదాయం కాదు. అయితే బంధువుల నుంచి విద్యార్థికి అందబోయే సొమ్ము ఎంత అన్న ప్రశ్న ఉంటుంది, అక్కడ వేసిన అంకె మేరకు కాలేజీ తన సహాయం తగ్గించుకోవచ్చు. సెలవుల్లో అబ్బాయిని ఇంట్లో ఉంచుకుంటానని ఆయన అనడం వేరు, ఏటా ఇంత పంపుతానని మాట ఇవ్వడం వేరు. అందుచేత అక్టోబరుకు ముందే ఆయనతో నాలుగేళ్ల లెక్కతో మాట్లాడి, ఆయన నోటితో స్పష్టంగా చెప్పిన అంకెనే ఫారంలో వేయండి. అలా చెప్పకపోతే సున్నా వేయండి.