ఆ ఉత్తరాలు ముట్టుకునే ముందు

బిడ్డా,

అమెరికాలో బానిసత్వం నుంచి తప్పించుకున్నవాళ్ల ఉత్తరాల మీద ఫిలడెల్ఫియాలో పని మొదలుపెడుతున్నావని మీ బాపు ఫోన్‌లో చెప్పాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం టెన్షన్.

చేతులు కడుక్కుని ముట్టుకో. పెన్ను వద్దు, పెన్సిల్ వాడు. కవరు ఉంటే దాన్నీ ఫోటో తీసుకో, తపాలా ముద్రలో ఊరూ తేదీ దొరుకుతాయి. ఇవన్నీ అక్కడివాళ్లే చెబుతారు.

నేను చెప్పేది వేరు. ముప్పై ఏళ్ల కింద మన ఊరి చరిత్ర రాస్తున్నప్పుడు ఒక గడీలో నైజాం కాలం నాటి ఉత్తరం దొరికింది. దొర తన చుట్టానికి రాసింది. ఫలానా జీతగాడు ఎద్దును తోలుకుని రాత్రికి రాత్రి పారిపోయాడు, కనబడితే పట్టి పంపమని. చక్కటి దస్తూరి, తేదీ, సంతకం. మురిసిపోయాను. ఎద్దును దొంగిలించి పారిపోయాడని పేరుతో సహా అచ్చు వేయించాను.

ఆరు నెలలకు ఒక ముసలాయన బస్సు దిగి మన ఇంటికి వచ్చాడు. ఆ జీతగాడి కొడుకు. కూర్చోమంటే కూర్చోలేదు. "సారూ, మా నాయన వాళ్ల తాత చేసిన అప్పుకు పన్నెండేండ్లు వెట్టి చేసిండు. ఆ ఎద్దు మా ఆవుకు పుట్టింది. అప్పు కింద తోలుకపోయిండ్రు. ఇప్పుడు నా మనవణ్ణి బళ్లో దొంగోని వంశం అంటున్నరు" అన్నాడు. నా నోట మాట రాలేదు. మీ పెద్దమ్మ ఇచ్చిన మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. ఇంట్లో మిగిలిన కాపీల్లో ఆ పేజీ చించేశాను. పంచినవాటిని ఎట్లా చించను?

1860లో టెనెస్సీ నుంచి సారా లోగ్ అనే యజమానురాలు, తమ దగ్గర బానిసగా ఉండి తప్పించుకున్న జెర్మెయిన్ లోగెన్‌కు రాసిన ఉత్తరం తర్వాతెప్పుడో చదివి వణికిపోయాను. ఇరవై ఆరేళ్ల కింద మా గుర్రం మీద పారిపోయావు, వెయ్యి డాలర్లు పంపు అంటుంది. మా అమ్మ ఉయ్యాలలోంచి నన్ను ఎత్తుకుపోవడం కంటే గుర్రాన్ని తీసుకుపోవడం పెద్ద పాపమా అని ఆయన తిరిగి రాశాడు. ఆయనకు చదువొచ్చు, జవాబు మిగిలింది. మన జీతగాడి జవాబు కొడుకు నోట్లో ఉంది. నేనే వెళ్లి అడగలేదు. పది మైళ్లు కూడా లేదు ఆ ఊరు.

నీ ఊళ్లోనే, తప్పించుకుని వచ్చినవాళ్లకు సాయం చేసిన విలియం స్టిల్ అడిగాడు. వచ్చిన ప్రతి మనిషినీ ఎక్కడివాడివి, అమ్మానాన్నలెవరని అడిగి రాసుకున్నాడు. 1850లో అలా అడుగుతుంటే ఎదురుగా ఉన్నది తన సొంత అన్న పీటర్ అని తేలింది! పట్టుబడితే ఎందరో చిక్కుకుంటారని ఆ కాగితాలను శ్మశానంలోని ఒక కట్టడంలో దాచి, 1872లో అచ్చు వేశాడు. తప్పించుకున్నవాళ్లు పేర్లు మార్చుకునేవాళ్లు, సాయం చేసేవాళ్లు ఎవరికీ తెలియకుండా ఉత్తరాల్లో మనుషులను సరుకుల్లా రాసేవాళ్లు. తొందరపడి ఏదీ ఖాయం చేయకు.

ఆ కుటుంబాలవాళ్లు ఇప్పటికీ ఉంటారు. అచ్చుకు ఇచ్చేలోపు వాళ్ల గడప తొక్కు, బిడ్డా. నాకూ ఒక కాపీ పంపు, కళ్లజోడు మార్పించాను. ఆ కాగితాల గదులు చల్లగా ఉంటాయట, శాలువా మర్చిపోకు.

మీ పెద్దబాపు