వైజాగ్ ఉక్కపోతలో బ్రూనో, పెరడు

చిరంజీవి అమ్మడుకి పెదనాన్న ఆశీస్సులు.

హైదరాబాద్ నుంచి సామాన్లన్నీ దిగాయనీ, మీ ల్యాబ్రడార్ కుక్క బ్రూనో వైజాగ్ సాగర్‌నగర్ ఇంటి పెరడంతా వాసన చూసుకుంటూ తిరుగుతున్నాడనీ మీ నాన్న చెప్పాడు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది కాబట్టి రాస్తున్నాను.

"అక్కడ 40 డిగ్రీలు తట్టుకున్నవాడికి వైజాగ్ 34 ఓ లెక్కా" అని మాత్రం అనుకోకు. అక్కడిది పొడి ఎండ. ఇక్కడ గాలి నిండా తేమే. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పినప్పుడు ఆ తడి ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ఉక్కపోతలో అది సరిగా ఆరదు, అందుకే 34లోనూ వడదెబ్బ తగలొచ్చు. దాని మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ దాకా ఉంటుంది. 104 దాటితే ప్రమాదం. రొప్పడం ఆగకపోయినా, చిగుళ్లు బాగా ఎర్రబడినా, జిగురుగా చొంగ కారినా, నడకలో తూలినా ఇంటికెళ్లాక చూద్దాంలే అనుకోవద్దు. అక్కడే నీడలోకి లాగి మామూలు నీళ్లు ఒళ్లంతా పోసి, గాలి తగిలేలా చూసి, ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి పరుగెత్తు.

మే నెలలో ఇక్కడ అయిదున్నరకల్లా సూర్యుడు వచ్చేస్తాడు. కాబట్టి అయిదింటికే ఇసుకలో ఉండు, ఆరు దాటేసరికి ఇంటికి చేరిపో. సాయంత్రం సముద్రపు గాలి మనకి హాయిగానే ఉంటుంది గానీ, బీచ్ రోడ్డు తారూ, ఒడ్డు మీది పొడి ఇసుకా అప్పటికీ కాలుతూనే ఉంటాయి. చేతి వెనకభాగం నేలకి ఆనించి చూడు. అయిదారు అంకెలు లెక్కపెట్టేలోపు తీసేయాలనిపిస్తే దాని పాదాలకీ అంతే. నీటి అంచున తడి ఇసుక మీద నడిపించు. వేసవిలో నడక వ్యాయామం కోసం కాదు, నాలుగు వాసనలు చూసి రావడానికి. అరగంట చాలు.

అలల్లోకి బంతి విసిరే ఆట వద్దు. బంతిని అందుకున్న ప్రతిసారీ కొంత ఉప్పునీరు మింగుతాడు, రాత్రికి వాంతులూ విరేచనాలూ పట్టుకుంటాయి. మంచినీళ్ల సీసా వెంట ఉంచుకో. ఇంటికి రాగానే ఉప్పు పోయేలా కడిగి, వేళ్ల సందులూ చెవులూ తుడువు.

తాడు విప్పొద్దు, ఎంత బుద్ధిమంతుడైనా సరే. జోడుగుళ్లపాలెం వైపు పడవలు ఆగేచోట గాలాలు, వల ముక్కలు, పారేసిన చేపలు పడి ఉంటాయి. వాటిలో బంతిలా ఉబ్బే చేప కనిపిస్తే దూరంగా లాగెయ్, అది చచ్చినా దాని విషం పోదు. ఇంకో కారణం, ఆలివ్ రిడ్లే తాబేళ్లు. జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ దాకా ఈ తీరంలో గుడ్లు పెడతాయి, పిల్లలు రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. అటవీశాఖ వాళ్లు గుడ్లు ఏరి హేచరీల్లో పెట్టినా కొన్ని మిగిలిపోతాయి, వాటిని తవ్వేది కుక్కలే. రుషికొండకి అసలు తీసుకెళ్లకు. 2020లో బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ శుభ్రతా గుర్తింపు వచ్చిన బీచ్ అది, అక్కడ కుక్కలు ఉండకూడదు.

ఇక పెరడు. ఉప్పుగాలికి తట్టుకుంటుందని సముద్రం ఒడ్డున అందరూ గన్నేరు వేస్తారు. మీ ఇంట్లోనూ గోడవారగా ఉండే ఉంటుంది. ఎర్ర గన్నేరైనా పచ్చ గన్నేరైనా ఆకు, పువ్వు, కాయ అన్నీ గుండెని ఆపే విషమే. పీకించెయ్, పూజకి వేరే పూలు దొరుకుతాయి. తోటమాలి ఆముదం పిండి వేస్తానంటే వద్దను. కుక్కలు దాన్ని ఇష్టంగా తింటాయి, ప్రాణం మీదికొస్తుంది. వేపపిండి చాలు.

మల్లె ఇప్పుడు పూత మీద ఉంటుంది, కత్తిరింపు డిసెంబరు, జనవరి పని, ఇప్పుడు ముట్టుకోకు. కొత్తిమీర మీద ఆశ వదులుకో. బెండ, గోంగూర, తోటకూర నిలబడతాయి. వారానికి రెండుసార్లు సాయంత్రం ఆకుల మీద నీళ్లు చల్లి ఉప్పు కడుగు, పాదుల్లో ఎండుటాకులు పరుచు. చల్లగా ఉందని బ్రూనో మల్లె పాదు తవ్వుకుని పడుకుంటాడు. కోప్పడి లాభం లేదు, మామిడి కింద రెండు తట్టల ఇసుక పోసి తడిపి పెట్టు, వాడి చోటు వాడికి ఉంటుంది. గడ్డి పొట్టిగా ఉంచు, లేకపోతే గోమార్లు. రోజూ చెవుల్లో, వేళ్ల మధ్య వెతుకు. పొలాల్లో కొట్టే మందు ఒంటికి రాయమని ఎవరైనా చెబితే వినకు, బరువుని బట్టి డాక్టర్ మాత్ర ఇస్తారు.

సువర్ణరేఖ మామిడిపళ్లు దిగగానే ఒక బుట్ట పంపుతాను. టెంకలు మాత్రం గట్టి మూత ఉన్న డబ్బాలో వెయ్యి. ల్యాబ్రడార్లకి తిండియావ ఎక్కువ, టెంక మింగితే పేగులో అడ్డం పడి ఆపరేషన్ దాకా వెళుతుంది.

మీ పెదనాన్న