కరెంటు పోయింది, సగం ఫైలు ఎక్కడుంది?

పైథాన్ సందేహాలు

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ దాదాపు ఒక్క విషయం మీదే: బోటో3 లైబ్రరీతో (పైథాన్ నుంచి అమెజాన్ సేవలను వాడుకునే పనిముట్టు) అమెజాన్ ఎస్3 (ఇంటర్నెట్‌లో అద్దెకిచ్చే స్టోరేజీ) బకెట్లలోకి, అంటే అక్కడ ఫైళ్లు దాచే పెట్టెల్లోకి, ఫైళ్లు ఎక్కించడం. ఫంక్షన్ల పేర్లూ ఎర్రర్ల పేర్లూ ఇక్కడ పలికే తీరులో ఇస్తున్నాం. కోడ్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి.

ప్రశ్న: మాది ఫొటో స్టూడియో. పెళ్లి వీడియోలు ఎస్3లో దాస్తుంటాం. కోడ్ పెద్దగా ఏమీ లేదు, అప్‌లోడ్_ఫైల్ అని ఒక్క లైను. 38 జీబీ ఫైలు మూడు గంటలపాటు ఎక్కాక కరెంటు పోయింది. మళ్లీ నడిపితే మొదటి నుంచీ మొదలుపెట్టింది. ఇలా మూడుసార్లయింది. బకెట్ తెరిచి చూస్తే ఆ ఫైలు లేదు. బిల్లులో స్టోరేజీ మాత్రం మేం దాచినదానికన్నా ఎక్కువ చూపిస్తోంది. ఆ సగం ఫైలు ఎక్కడుందండీ? (రాజమహేంద్రవరం)

జవాబు: బకెట్‌లోనే ఉంది. కనపడదంతే. అదీ ఒకటి కాదు, మూడు సగాలున్నాయి.

అప్‌లోడ్_ఫైల్ 8 ఎంబీ దాటిన ఫైలును ఒకే మూటగా పంపదు. 8 ఎంబీ ముక్కలుగా కోసి, ఒకేసారి పది ముక్కల చొప్పున పంపుతుంది. దీన్నే మల్టీపార్ట్ అప్‌లోడ్ అంటారు. మీ 38 జీబీ ఫైలు 4,864 ముక్కలవుతుంది. చివరి ముక్క చేరాక బోటో3 ‘ఇక అన్నీ కలిపెయ్’ అని చెబుతుంది. ఆ మాట అందేదాకా ఎస్3 దృష్టిలో మీ ఫైలు పుట్టనే లేదు. అందుకే జాబితాలో రాదు. చేరిన ముక్కలు మాత్రం డిస్కులో చోటు తింటూనే ఉంటాయి, ఆ చోటుకు అద్దె పడుతూనే ఉంటుంది. మధ్యలో ఏదైనా ఎర్రర్ వస్తే, ఆ ముక్కల్ని పారేయమని బోటో3 తనే అడుగుతుంది. కరెంటు పోతే ఆ మాట చెప్పే ప్రోగ్రామే బతికి ఉండదు కదా!

ముందు పాత ముక్కల సంగతి చూద్దాం. లిస్ట్_మల్టీపార్ట్_అప్‌లోడ్స్ అని బకెట్ పేరుతో పిలిస్తే, మొదలై పూర్తికానివన్నీ వాటి అప్‌లోడ్ఐడీలతో (ఒక్కో అప్‌లోడ్‌కి ఎస్3 ఇచ్చే గుర్తింపు) సహా వస్తాయి. ఒక్కోదాన్నీ అబార్ట్_మల్టీపార్ట్_అప్‌లోడ్‌తో తీసేయండి. ఇకముందు ఈ పని చేత్తో చేయనక్కర లేకుండా, బకెట్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో ఒక లైఫ్‌సైకిల్ రూల్ పెట్టండి: పూర్తికాని మల్టీపార్ట్ అప్‌లోడ్లను 7 రోజుల తర్వాత తొలగించు. బకెట్ తెరిచిన రోజే పెట్టుకోవాల్సిన రూల్ ఇది. దీన్ని కోడ్‌తో పెడితే ఒక ప్రమాదం ఉంది. పుట్_బకెట్_లైఫ్‌సైకిల్_కాన్ఫిగరేషన్ పాత రూళ్లకు కొత్తది కలపదు, పాతవాటన్నిటినీ తుడిచేసి కొత్తది పెడుతుంది. కాబట్టి ముందు పాతవి చదివి, కొత్తది జోడించి, మొత్తం కలిపి పంపాలి.

ఇక ఆగినచోటు నుంచి కొనసాగించడం. అప్‌లోడ్_ఫైల్‌కి ఆ విద్య రాదు. ప్రోగ్రామ్ చచ్చి బతికితే పాత అప్‌లోడ్ఐడీ దానికి గుర్తుండదు. ఆ గుర్తు మీరు పెట్టుకోవాలి. క్రియేట్_మల్టీపార్ట్_అప్‌లోడ్ పిలవగానే వచ్చే అప్‌లోడ్ఐడీని, ముక్క సైజునూ వెంటనే ఒక చిన్న ఫైలులో రాసి దాచండి. మీకు ముక్క 16 ఎంబీ సరిపోతుంది, అప్పుడు మొత్తం 2,432 ముక్కలు. ముక్కల లెక్క 1 నుంచి మొదలు. 700వ ముక్క కావాలంటే ఫైలులో 699 × 16 ఎంబీ దగ్గరికి సీక్ చేసి, 16 ఎంబీ చదివి, పార్ట్‌నంబర్ 700 అని అప్‌లోడ్_పార్ట్‌తో పంపాలి.

కరెంటు వచ్చాక ప్రోగ్రామ్ ముందుగా చేయాల్సిన పని, దాచిన ఐడీతో లిస్ట్_పార్ట్స్ అడగడం. ఏ నంబర్లు చేరాయో, ఒక్కోదాని ఈట్యాగ్ (ఎస్3 వేసే గుర్తింపు ముద్ర) ఏమిటో అది చెబుతుంది. చేరనివే పంపండి. అయితే లిస్ట్_పార్ట్స్ ఒక విడతకు 1,000 ముక్కలే చూపిస్తుంది. మీవి 2,432 కాబట్టి పేజినేటర్ (విడతలన్నీ వరుసగా తెచ్చేది) వాడకపోతే 1,001వ ముక్క నుంచీ అసలేమీ చేరలేదనుకుని మీ ప్రోగ్రామ్ మళ్లీ పంపుతూ కూర్చుంటుంది. అన్నీ చేరాక, పార్ట్‌నంబర్–ఈట్యాగ్ జతలను నంబర్ల వరుసలో పేర్చి కంప్లీట్_మల్టీపార్ట్_అప్‌లోడ్‌కి ఇవ్వాలి. వరుస తప్పితే ఇన్‌వాలిడ్‌పార్ట్‌ఆర్డర్ అని తిరగ్గొడుతుంది. నాలుగైదు దారాలతో (థ్రెడ్లు, అంటే ఒకేసారి నడిచే పనులు) పంపేటప్పుడు ముక్కలు ముందూ వెనకా చేరతాయి, సార్ట్ చేయడం అక్కడే మర్చిపోతారు.

మధ్యలో ముక్క సైజు మార్చకండి. 700వ ముక్క ఎక్కడ మొదలవుతుందన్న లెక్కే మారిపోతుంది. ఎస్3 దాన్ని పసిగట్టదు, ఇచ్చినవి ఇచ్చినట్టు అతికిస్తుంది, వీడియో పాడవుతుంది. వీడియోను మళ్లీ ఎడిట్ చేసి అదే పేరుతో సేవ్ చేసినా ఇదే గతి. అందుకే ఫైలు సైజు, చివరిగా మారిన సమయం కూడా ఆ చిన్న ఫైలులోనే రాసుకుని, తేడా ఉంటే కొత్తగా మొదలుపెట్టండి. ముక్క సైజుకు హద్దులు ఇవి: చివరిది తప్ప ప్రతి ముక్కా కనీసం 5 ఎంబీ ఉండాలి, 5 జీబీ దాటకూడదు, మొత్తం ముక్కలు 10,000 మించకూడదు.

ఇంకో మాట. మీ లైను అప్‌లోడ్ వేగం 20 ఎంబీపీఎస్ అనుకుంటే, 38 జీబీకి నాలుగున్నర గంటలు పడుతుంది. ఎన్ని దారాలు పెట్టినా పైపు అంతే. పది ముక్కలు ఒకేసారి తోస్తే ఒక్కోదానికీ 2 ఎంబీపీఎస్ మిగులుతుంది, కౌంటర్ దగ్గర బిల్లింగ్ కంప్యూటర్‌కి నెట్ రాదు, ఒక్కోసారి రిక్వెస్ట్‌టైమౌట్ కూడా వస్తుంది. మామూలు అప్‌లోడ్_ఫైల్ వాడినా, ట్రాన్స్‌ఫర్‌కాన్ఫిగ్‌లో మ్యాక్స్_కాన్‌కరెన్సీని 10 నుంచి 3కో 4కో దించి చూడండి.

పూర్తయ్యాక హెడ్_ఆబ్జెక్ట్ పిలిచి కంటెంట్‌లెంగ్త్‌ని మీ ఫైలు సైజుతో పోల్చండి. ఈట్యాగ్‌ని ఎండీ5తో (ఫైలులోని బైట్ల నుంచి లెక్కకట్టే ముద్ర) పోల్చి ‘కలవలేదే’ అని బెంగపడొద్దు. మల్టీపార్ట్ ఫైలు ఈట్యాగ్ మొత్తం ఫైలు ఎండీ5 కాదు. దాని చివర గీత పెట్టి ముక్కల సంఖ్య, మీ విషయంలో 2432, ఉంటుంది.

ప్రశ్న: మా గ్రంథాలయంలోని పాత తెలుగు పత్రికలను స్కాన్ చేసి పీడీఎఫ్‌లుగా ఎక్కించాం. లింకు నొక్కితే బ్రౌజర్‌లో తెరుచుకోకుండా డౌన్‌లోడ్ అయిపోతున్నాయి. ఇంకో వింత: ఫైలు పేర్లు తెలుగులోనే పెట్టాం. చాలావరకు బాగానే వస్తున్నాయి, ‘వైశాఖం’ లాంటి కొన్ని మాత్రం కళ్లెదుటే ఉన్నా నోసచ్‌కీ (ఆ పేరుతో ఫైలు లేదు) అంటోంది. (తెనాలి)

జవాబు: మొదటిది తేలిక. ఫైలు ఏ రకమో బోటో3 ఊహించదు. మీరు చెప్పకపోతే ఎస్3 దాన్ని బైనరీ/ఆక్టెట్-స్ట్రీమ్ అని రాసుకుంటుంది. అదేమిటో తెలియక బ్రౌజర్ డౌన్‌లోడ్ చేసి చేతులు దులుపుకుంటుంది. అమెజాన్ కమాండ్ లైన్ పనిముట్టు మాత్రం ఎక్స్‌టెన్షన్ చూసి రకం రాస్తుంది. అందుకే ‘కమాండ్‌తో ఎక్కిస్తే బాగుంది, పైథాన్‌తో బాగోలేదు’ అన్న ఫిర్యాదు తరచూ వింటుంటాం. ఎక్స్‌ట్రాఆర్గ్స్‌లో కంటెంట్‌టైప్ అప్లికేషన్/పీడీఎఫ్ అని ఇవ్వండి. రకరకాల ఫైళ్లుంటే మైమ్‌టైప్స్ మాడ్యూల్‌లోని గెస్_టైప్ వాడండి. అది రెండు విలువలు తిరిగిస్తుంది, మొదటిదే మీకు కావాలి. తెలియని ఎక్స్‌టెన్షన్ అయితే ఆ మొదటిది నన్ అవుతుంది, దాన్ని అలాగే పంపితే పారామీటర్ ఎర్రర్. తెలుగు టెక్స్ట్ ఫైళ్లకైతే టెక్స్ట్/ప్లెయిన్ పక్కన క్యారెక్టర్‌సెట్ యూటీఎఫ్-8 అని కూడా రాయండి, లేకపోతే తెరమీద పిచ్చిగీతలు రావచ్చు.

ఇప్పటికే ఎక్కినవాటిని మళ్లీ ఎక్కించక్కర లేదు. కాపీ_ఆబ్జెక్ట్‌తో అదే బకెట్‌లో అదే పేరు మీదికి కాపీ చేస్తూ, మెటాడేటాడైరెక్టివ్ రీప్లేస్ అని, సరైన కంటెంట్‌టైప్ ఇస్తే చాలు. 5 జీబీ వరకు ఇది పనిచేస్తుంది. పాత మెటాడేటా (ఫైలుతోపాటు రాసిన అదనపు వివరాలు) ఏమైనా ఉంటే దాన్నీ మళ్లీ ఇవ్వాలి, లేకపోతే పోతుంది.

రెండోది అసలు సరదా అయినది. యూనికోడ్‌లో తెలుగు ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వమూ దాని కింద ఐత్వపు గుర్తూ విడివిడిగా. తెరమీద రెండూ ‘వై’ లాగే కనపడతాయి. ఎస్3 మాత్రం బైట్లే చూస్తుంది, దానికవి రెండు వేరు వేరు పేర్లు. పాత మాక్ కంప్యూటర్లలోని హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ సిస్టమ్ పేర్లను విడదీసే దాచేది. అక్కడి నుంచి ఎక్కించి, విండోస్‌లో టైప్ చేసిన పేరుతో వెతికితే దొరకదు. తెలుగు లిపిలో ఇలా విడిపోయేది ఈ ఒక్క గుర్తే, అందుకే ‘కొన్ని మాత్రం’ అంటున్నారు మీరు. మందు: యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్ ఫంక్షన్‌కి ఎన్‌ఎఫ్‌సీ (విడిపోయిన గుర్తులను కలిపే రూపం) అని చెప్పి, ఎక్కించేటప్పుడూ వెతికేటప్పుడూ పేరును దానిగుండా పంపండి.

తెలుగు పేర్లు వాడటంలో తప్పేమీ లేదు గాని, హద్దు గుర్తుంచుకోండి. పేరు మొత్తం 1,024 బైట్లు మించరాదు, తెలుగులో ఒక్కో గుర్తుకు 3 బైట్లు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికే 18. ఇక మెటాడేటాలో తెలుగు పెడదామంటే బోటో3 ఒప్పుకోదు, ఆస్కీ అక్షరాలే (ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, మామూలు గుర్తులు) ఉండాలంటుంది. మా సలహా, బకెట్‌లో పేర్లు సంవత్సరం, సంచిక నంబరుతో పెట్టి, తెలుగు శీర్షికలు డేటాబేస్‌లో ఉంచుకోవడం.

ప్రశ్న: పాండాస్‌తో ఎక్సెల్ ఫైలును బైట్స్‌ఐఓలో (మెమరీలోనే ఉండే బఫర్) తయారుచేసి అప్‌లోడ్_ఫైల్ఆబ్జ్‌తో పంపుతున్నా. ఎర్రర్ లేదు, కానీ ఎక్కేది 0 బైట్ల ఫైలు. (కరీంనగర్)

జవాబు: రాసిన చోటే పెన్ను ఆగి ఉంది, అక్కడి నుంచి చదివితే ఏముంటుంది? పంపే ముందు సీక్ 0 అని మొదటికి తీసుకురండి. పంపాక అదే బఫర్‌ని మళ్లీ వాడాలనుకుంటే జాగ్రత్త, అప్‌లోడ్_ఫైల్ఆబ్జ్ దాన్ని మూసేయొచ్చు. డిస్కులోని ఫైలైతే ఆర్‌బీ (బైట్లుగా చదివే) మోడ్‌లో తెరవాలి, ఉత్త ఆర్ చాలదు.

ప్రశ్న: బకెట్‌ను ముంబై నుంచి హైదరాబాద్ రీజియన్‌కి (అమెజాన్ సర్వర్లుండే ప్రాంతం) మార్చాం. అప్‌లోడ్ బాగానే ఉంది. కస్టమర్లకు ఇచ్చే ప్రీసైన్డ్ లింకులు (కొంత గడువు వరకే ఫైలు తెరిచేవి) మాత్రం ఇల్లీగల్‌లొకేషన్‌కన్‌స్ట్రెయింట్ అని ఆగిపోతున్నాయి. (హైదరాబాద్)

జవాబు: 2022 నవంబర్‌లో మొదలైన హైదరాబాద్ రీజియన్, అంటే ఏపీ-సౌత్-2, 2016 నాటి ముంబై లాంటిది కాదు. ఖాతాలో మీరు ప్రత్యేకంగా ఆన్ చేస్తేనే పనిచేసే రకం. ఇలాంటి రీజియన్ల బకెట్లకు రీజియన్ పేరు లేని సాధారణ ఎస్3 చిరునామా పనికిరాదు. బోటో3 తయారుచేసే లింకులో ఒక్కోసారి ఆ చిరునామాయే వస్తుంది. లింకును ఒకసారి నోట్‌ప్యాడ్‌లో పెట్టి చూడండి, అందులో ఏపీ-సౌత్-2 కనపడకపోతే జబ్బు అదే. క్లయింట్ తయారుచేసేటప్పుడు రీజియన్_నేమ్‌తోపాటు ఎండ్‌పాయింట్_యూఆర్ఎల్ కూడా ఆ రీజియన్ పేరున్నదే ఇవ్వండి, సిగ్నేచర్ వెర్షన్ ఎస్3వీ4 అని చెప్పండి.

లింకు గడువు కూడా చూసుకోండి. ఎక్కువలో ఎక్కువ 7 రోజులు. తాత్కాలిక కీలతో (ఖాతాను వాడుకునే రహస్య తాళాలు) చేసిన లింకైతే, మీరు 7 రోజులని రాసినా, ఆ కీలు చచ్చిన క్షణమే లింకూ చస్తుంది. సర్వర్ మీద రోల్‌తో (తాత్కాలిక కీలు ఇచ్చే ఏర్పాటు) నడిచే కోడ్‌లో పొద్దున ఇచ్చిన లింకు సాయంత్రానికి పనిచేయకపోవడానికి కారణం ఇదే.

ప్రశ్న: పాలసీలో (అనుమతులు రాసే పత్రం) పుట్‌ఆబ్జెక్ట్, అంటే ఫైలు ఎక్కించే, అనుమతి ఇచ్చాం. అయినా యాక్సెస్‌డినైడ్. (అనంతపురం)

జవాబు: పాలసీలో రిసోర్స్ లైను చూడండి. బకెట్ పేరుతో ఆపేశారా, చివర స్లాష్, నక్షత్రం గుర్తు పెట్టారా? ఫైళ్లకు సంబంధించిన అనుమతులకు ఆ రెండూ ఉండాలి. ఫైళ్ల జాబితా అడిగే లిస్ట్‌బకెట్‌కి మాత్రం ఉండకూడదు. అదీ సరిగానే ఉంటే, బకెట్‌కి కేఎంఎస్ కీ (ఫైళ్లను రహస్య రూపంలో దాచే అమెజాన్ తాళం) పెట్టారేమో చూడండి. అప్పుడు జనరేట్‌డేటాకీ అనుమతి కావాలి, మల్టీపార్ట్‌కైతే డీక్రిప్ట్ కూడా. చిన్న ఫైళ్లు ఎక్కి, పెద్దవి మాత్రమే ఆగుతున్నాయంటే నేరుగా డీక్రిప్ట్ దగ్గరికే వెళ్లండి. పాత ట్యుటోరియల్ చూసి ఏసీఎల్ (ఎవరు ఫైలు చూడొచ్చో చెప్పే జాబితా) పబ్లిక్-రీడ్ అని రాసి ఉంటే తీసేయండి. 2023 ఏప్రిల్ నుంచి కొత్త బకెట్లలో ఏసీఎల్‌లు మూసే ఉంటున్నాయి.

ప్రశ్న: కీలు కోడ్‌లోనే రాసి గిట్‌హబ్‌లో పెట్టేశాను. వెంటనే ఆ కమిట్ తీసేశాను. సరిపోతుందా? (విశాఖపట్నం)

జవాబు: సరిపోదు. ఈ జవాబు పూర్తిగా చదివే ముందే ఐఏఎంలోకి (అమెజాన్ ఖాతాలో కీలు, అనుమతులు చూసే చోటు) వెళ్లి ఆ కీని డీయాక్టివేట్ చేయండి. అలాంటి కీల కోసం గిట్‌హబ్‌ను జల్లెడ పట్టే ప్రోగ్రామ్‌లు నిరంతరం తిరుగుతుంటాయి. తర్వాత కొత్త కీ తీసుకుని, ఏడబ్ల్యూఎస్ కాన్ఫిగర్ కమాండ్‌తో మీ యూజర్ ఫోల్డర్‌లో దాచండి. కోడ్‌లో బోటో3.క్లయింట్‌కి సర్వీస్ పేరు ఒక్కటే ఇస్తే చాలు, కీలను అదే వెతుక్కుంటుంది.

ప్రశ్న: మేం వాడేది అమెజాన్ కాదు, ఎస్3 పద్ధతిలోనే నడిచే వేరే స్టోరేజీ. బోటో3 అప్‌డేట్ చేశాక అప్‌లోడ్లన్నీ ఆగిపోయాయి. (విజయవాడ)

జవాబు: 2025 జనవరిలో వచ్చిన 1.36 వెర్షన్ నుంచి బోటో3 ప్రతి అప్‌లోడ్‌కీ సీఆర్‌సీ32 చెక్‌సమ్ (ఫైలు చెడకుండా చేరిందో చూసే లెక్క) తనంతట తానే జతచేస్తోంది. అది అర్థంకాని స్టోరేజీలు ఫైలును వెనక్కి కొడతాయి. కాన్ఫిగ్‌లో రిక్వెస్ట్_చెక్‌సమ్_క్యాలిక్యులేషన్‌కి వెన్_రిక్వైర్డ్ అని ఇవ్వండి. పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లడం కంటే ఇదే మేలు.